తేనెపెట్టెల బండికి రెండంగుళాల ఎత్తు

మొన్న మా సర్వీస్ సెంటర్ ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. ముప్ఫై ఏళ్లు దాటిన ఇసుక రంగు పికప్, దాని పక్కన గోడకు ఆనించిన నాలుగు పెద్ద టైర్లు, కింద ఒకే ప్రశ్న, బండిని ఎన్ని అంగుళాలు లేపితే ఇవి పడతాయని. ఇలాంటివి నెలకు పదో పదిహేనో వస్తూనే ఉంటాయి కనుక మామూలుగా నేను రెండు నిమిషాల్లో జవాబు రాసి పంపేస్తాను, కానీ ఆ బండి ముందు మడ్‌గార్డు అంచు తుప్పుతో అరిగిపోయిన తీరు చూశాక అలాంటిదే ఇంకో బండి గుర్తొచ్చి చెయ్యి ఆగింది. డిప్లొమా సర్టిఫికెట్టును ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని విమానం ఎక్కిన నా ఈడు వాళ్లకు నేను చెప్పబోయేది వింతగా ఉండదు. కొత్తలో మనందరి దగ్గరా ఏదో ఒక కాగితం ఉండేది, దాన్ని మనం కొంచెం ఎక్కువగానే నమ్మేవాళ్లం.

తొమ్మిదేళ్ల కిందటి మాట. సౌదీలో కొండల మీది ఖమీస్ ముషైత్‌లో వర్క్‌షాపులన్నీ ఒకేచోట ఉండే పేటను అందరూ సనాయా అంటారు. అక్కడ ఒక షెడ్డులో మా చిన్న మేనమామ మెకానిక్కు. నాకు వీసా చూసి పిలిపించుకున్నది కూడా ఆయనే. ఆయన బడికి వెళ్లింది నాలుగో తరగతి దాకా, నేను నిజామాబాద్ పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివినవాణ్ని. మామ ఏ పనికీ కారణం చెప్పడు, చెయ్యమనో వద్దనో మాత్రం అంటాడు. నేను మాత్రం ప్రతి పనికీ ఒక పట్టిక రాసుకుని, ఒక్కో అంశం అయ్యాక పక్కన టిక్కు పెట్టుకునేవాణ్ని.

ఆ ఏడాది చలి మొదట్లో ఒక ముసలాయన తన పికప్ తీసుకొచ్చాడు. కొండల మీద తేనెటీగలు పెంచే మనిషి. ఎండాకాలమంతా పెట్టెలు పైన ఉంటాయి, చలి పడే వేళకు వాటిని ఘాట్ రోడ్డు మీదుగా కిందికి, రేగుచెట్లు పూచే తిహామా మైదానానికి దించాలి. పెట్టెలున్న చోటికి వెళ్లే రాళ్లదారిలో బండి అడుగు కొట్టుకుంటోందని, ఎవరో బంధువు ఇచ్చిన పెద్ద టైర్లు వేసి బండిని లేపమని అడిగాడు. నా చేతిలో పట్టిక చూసి మొదటిరోజు నుంచే నన్ను ముహందిస్ అని, అంటే ఇంజనీరు అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ పిలుపులో సగం వేళాకోళమేనని నాకు తెలుసు, అయినా నచ్చేది.

ఎంత లేపాలన్నది తేల్చడానికి నాకు రెండు రోజులు పట్టింది. పాత టైరు నిలువు ఇరవై తొమ్మిది అంగుళాలు, కొత్తది ముప్ఫై మూడు. తేడా నాలుగంగుళాలైనా అందులో సగం ఇరుసు కింద ఉండి బండిని లేపుతుంది, మిగతా సగమే పైకి వెళ్లి మడ్‌గార్డు వైపు చోటు అడుగుతుంది, కాబట్టి కావలసింది రెండంగుళాలు. అయితే అవి బండి కొత్తగా ఉన్నప్పటి ఎత్తు మీద కావాలి. దాని కమాను పట్టీలు బరువు మోసి మోసి అప్పటికే ఒకటిన్నర అంగుళాలు కుంగిపోయి ఉన్నాయి. పట్టీల చివరను చాసిస్‌కు కలిపే షాకిళ్లు పొడుగువి వేస్తే పని సులువే కానీ స్టీరింగు నిలకడ తప్పుతుంది. ఇరుసుకూ పట్టీకీ మధ్య ఇనుప దిమ్మ పెట్టడం వెనక చక్రాలకైతే సరే, ముందు చక్రాలకు ఎప్పుడూ పనికిరాదు. అందుకని పట్టీలు నాలుగూ విప్పి కొలిమిలో కొత్తగా వంపు తీయించి, బరువంతా పడేది వెనకే కాబట్టి అక్కడ ఒక్కో పట్టీ అదనంగా వేయాలని రాశాను. పక్క షెడ్డువాళ్లు ఆరంగుళాలు లేపితే చూడ్డానికి బాగుంటుందన్నారు. మామ నా కాగితం చూసి, రెండు చాలు, పెట్టెలు మోసే బండికి సోకులెందుకు అన్నాడు. ఆయన నోట నేను విన్న మొదటి మెప్పు అదే.

పట్టీలు బిగించిన మర్నాడు మామ సామాను కోసం జెద్దాకు బస్సెక్కాడు. తాను వచ్చేదాకా బండి ఇవ్వొద్దని చెప్పాడు, ఎందుకో చెప్పలేదు. నా పట్టికలో పద్నాలుగు అంశాలుంటే పద్నాలుగింటికీ టిక్కులు పడ్డాయి. బండిలో ఇసుక బస్తాలు వేసి బరువు మీద కూడా కొలిచాను. స్టీరింగును రెండు పక్కలకూ చివరిదాకా తిప్పి చూశాను. ముందు చక్రాలకు వెళ్లే బ్రేకు రబ్బరు పైపులు చాలుతాయా అన్నది పదకొండో అంశం. చూస్తే బిగుసుకోకుండా కొంచెం వదులుగానే ఉన్నాయి. మూడోరోజు సాయంత్రం ముసలాయన వచ్చి, పైన రాత్రిళ్లు మంచు పడుతోంది, ఈగలు చస్తున్నాయి, ఇంకో రోజు ఆగలేనన్నాడు. నేను తాళాలు ఇచ్చేశాను.

మర్నాడు తెల్లవారుతుండగా మామ బస్సు దిగి షెడ్డుకు వచ్చాడు. బండి ఉండాల్సిన చోటు ఖాళీగా ఉండటం చూసి సంచీ కింద పెట్టకుండానే అడిగాడు.

"చక్రాలు గాలిల యేలాడదీసి చూసినవా అల్లుడా?"

లేదని, కానీ అన్నీ చూశానని పట్టిక తెచ్చి చేతికిచ్చాను. ఆయన దాన్ని విప్పను కూడా లేదు.

"నీ కాయిదంల బండి నిలవడ్డది. నిలవడ్డ బండికి బ్రేకెందుకురా?"

అప్పుడుగానీ నాకు అర్థం కాలేదు. చదును సిమెంటు మీద బండి నిలబడి ఉన్నప్పుడు పైపు వదులుగా ఉంటుంది. రాళ్లదారిలో ఒక చక్రం గుంతలోకి జారితే ఇరుసు ఇంకో మూడు నాలుగంగుళాలు కిందికి వేలాడుతుంది, పైకి లేపిన బండికి పాత పైపు అంత దూరం సాగలేదు. ముసలాయన రాళ్లదారిలో పెట్టెలు ఎక్కించుకుని, అక్కడి నుంచి నేరుగా ఘాట్ దిగుతాడు. ఆ బండికి వెనక బ్రేకులు పేరుకే ఉన్నాయని మాకిద్దరికీ తెలుసు. మామ సంచీలోంచి రెండు పొడుగు పైపులు తీసి చూపించాడు. జెద్దా దాకా వెళ్లింది ముఖ్యంగా వాటికోసమే. బండిలో ఆయనతో ఎవరు వెళ్లారని అడిగాడు. ఎవరూ వెళ్లలేదన్నాను.

ముసలాయన ఫోను ఇంట్లో మనవడి దగ్గరే ఉండేది కాబట్టి ఫోను చేసి లాభం లేకపోయింది. షెడ్డు కారులో బయలుదేరాం. మామ అభా ఊళ్లో కూడా వేగం తగ్గించకుండా నడిపాడు. నేను లోలోపల లెక్క కట్టుకుంటున్నాను, చీకట్లో పెట్టెలు మూసి ఎక్కించడానికి ఇన్ని గంటలు, రాళ్లదారికి ఇన్ని నిమిషాలు అని. ఎలా కలిపినా ఆయన ఈపాటికి ఘాట్ మొదలుకు చేరి ఉండాలి.

ఘాట్‌కు ముందు ఆఖరి పెట్రోలు బంకులో కనిపించాడు. పెట్టెల మీద కట్టిన తాళ్లు బిగించుకుంటున్నాడు. మామ సలాం చెప్పి నేరుగా బండి కిందికి దూరాడు. ఎడమ పైపు లోహపు కొస దగ్గర చిట్లి, బ్రేకు ఆయిలుతో తడిసి ఉంది. ముసలాయన మాత్రం నెమ్మదిగా, అవునవును, దారిలో పెడలు కొంచెం మెత్తబడింది, రెండోసారి తొక్కితే పట్టుకుంటోంది, పెద్ద టైర్లు వేస్తే ఇలాగే ఉంటుందేమో అనుకున్నానన్నాడు. తప్పు నాదేనని వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. ఆయన నన్ను కాదు, సూర్యుణ్ని చూశాడు. ఎండ ఎక్కితే మూసిన పెట్టెల్లో ఈగలు ఉడికిపోతాయి.

గంటకు పైగా పట్టింది. మామ కింద పైపులు మార్చాడు, పైపుల్లో చేరిన గాలి తీయడానికి నేను డ్రైవరు సీట్లో కూర్చుని ఆయన చెప్పినప్పుడల్లా పెడలు తొక్కి పట్టుకున్నాను, ముసలాయన డబ్బాతో నీళ్లు తెచ్చి పెట్టెల మీద చల్లుతూ తిరిగాడు. అయ్యాక మామ నాలుగు చక్రాలనూ ఒక్కొక్కటిగా జాకీతో లేపి, వేలాడదీసి, స్టీరింగు ఆ చివరికీ ఈ చివరికీ తిప్పించి చూశాడు. తర్వాత నన్ను డ్రైవరు సీట్లోంచి దింపి, చేతులు తుడుచుకుంటూ పక్క సీటు తలుపు తీశాడు.

"ఎక్కు. పెట్టెలు దిగినంక నువ్వు దిగు."

బండి లేపినవాడు మొదటి ఘాట్ దిగేటప్పుడు డ్రైవరు పక్కన కూర్చోవాలన్నది ఆయన పాటించే పద్ధతి అని నాకు ఆరోజే తెలిసింది. ముసలాయనకు అది ముందే తెలిసినట్టుంది. మొదటి సొరంగం దాటాక, నేను డాష్‌బోర్డు పట్టుకుని కూర్చోవడం చూసి, ఉర్దూ అరబ్బీ కలిపి అన్నాడు.

"నీ మామ సొంత మేనల్లుణ్ని నా పక్కన కూర్చోబెట్టాడు, ముహందిస్. ఇక బ్రేకుల గురించి నేనెందుకు అడుగుతాను?"

ప్రతి మలుపులోనూ పెడలు ఎంత లోతుకు దిగుతోందో నేను ఆయన పాదాన్నే చూస్తూ కూర్చున్నాను. అది మారలేదు. కింద రేగుచెట్ల దగ్గర మూతలు తీస్తే, అరవైకి పైగా పెట్టెల్లో రెండు నిశ్శబ్దంగా ఉన్నాయి. పెట్రోలు బంకులో ఎండ తగిలిన వైపువి అవి. ఆయన వాటిని విడిగా ఒక పక్కన పెట్టి, నాకు టీ పోశాడు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మామ నాలుగేళ్ల కిందట వీసా వదులుకుని ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి వెళ్లిపోయాడు. ముసలాయన పోయాక ఆయన కొడుకులు పెట్టెలను అద్దె లారీలో దింపిస్తున్నారని విన్నాను. ఆ పికప్ ఎవరి దగ్గరుందో తెలియదు. లేపే సామాను ఇప్పుడు తయారుగా పెట్టెలో వస్తుంది, పొడుగు పైపులు అందులోనే ఉంటాయి, ఎవరూ వాటికోసం జెద్దా బస్సెక్కనక్కర్లేదు. నా కింద పనిచేసే కుర్రాళ్ల చేత చక్రాలు వేలాడదీయించకుండా నేను ఏ బండీ బయటికి పంపను, నా పట్టికలో ఇప్పుడు అదే మొదటి అంశం.

పక్కన కూర్చోవడం మాత్రం కుదరదు. ఇన్సూరెన్సు నిబంధనల ప్రకారం ఉద్యోగి కస్టమరు బండిలో గేటు దాటకూడదు. పెట్టెలు మోసే బండ్లు ఎలాగూ తగ్గాయి. వచ్చేవాళ్లలో చాలామంది వారాంతంలో అభా చలిలో కాఫీ తాగడానికి వెళ్లేవాళ్లు. మంచివాళ్లే, కానీ నేను ఏం మోస్తారు, ఏ దారిన వెళ్తారు అని అడిగితే వింతగా చూస్తారు. అయినా ప్రతి బండి వెనకాలా గేటు దాకా నడుస్తాను. రోడ్డు మొదట్లో ఒక స్పీడు బ్రేకరు ఉంది. అక్కడ వెనక ఎర్రదీపాలు వెలిగి, ఆరతాయి. ఆ తర్వాత రోడ్డు మలుపు తిరుగుతుంది, ఇంకేమీ కనిపించదు.