అండీ అంటూనే కొట్టిన సుబ్బాయమ్మ

గుండుగొలను సుబ్బాయమ్మ పొక్లెయిన్ పళ్ళు రాలగొట్టింది. బకెట్టుకున్న అయిదు ఇనప పళ్ళూ, దెబ్బకొకటి చొప్పున, కొయ్యసుత్తితో. ఆ చప్పుడు తణుకు దాకా వినబడింది. నమ్మనివాళ్ళకు చెవుడనుకోవాలి.

సుబ్బాయమ్మకు యాభై ఆరేళ్ళు. రెండెకరాల వరి సొంతంగా చేయించుకునే మనిషి. తొలకరి నీటికి కొల్లేటి చేపలు ఎదురెక్కి వచ్చి గుడ్లు పెట్టే వాగు వాళ్ళ పొలం పక్కదే. ఒడ్డు ఏటా కోసుకుపోయి మడుగులు పూడిపోతుంటే చూడలేక, వట్లూరు కాలేజీ పిల్లలతో కలిసి కూలి లేని పనికి దిగింది. సిమెంటు లేదు, ఇనుము లేదు. పచ్చి వావిలి గుంజలు కొయ్యసుత్తితో ఒడ్డున దిగ్గొట్టి, మధ్యలో వెదురుబద్దలు తడికలా అల్లి, వెనక గడ్డీ మట్టీ కూరడమే. గుంజలు చిగిరిస్తే వాటి వేళ్ళే ఒడ్డును పట్టుకుంటాయి. మొదటివారం పిల్లలు నలభై గుంజలు తలకిందులుగా పాతారు.

"అమ్మా భార్గవీ, గుంజలకి శీర్షాసనం నేర్పుతున్నారా?" అని ఆ పిల్లల్లో ఒకమ్మాయిని అడిగి అన్నీ పీకించింది.

ఇక తొలకరి రెండు రోజుల్లో ఉందనగా ఫణికిరణ్ పొక్లెయిన్ తెచ్చాడు. అతని చేపలచెరువు గట్టుకు తడిక కట్టిన వాగు వంపులోని బంకమట్టి కావాలి. బకెట్టు దిగి పదడుగుల తడికను ఒక్క కొరుకుతో నమిలేసింది. మిగిలిన తడికకు అడ్డంగా సుబ్బాయమ్మ నిలబడింది.

"తప్పుకోండి పిన్నిగారూ, దెబ్బ తగిలిపోతుందండి."

"ఎవరికండీ?"

అతను ఆమె జబ్బ పట్టి ఈడ్చాడు. కదల్లేదు. విరిగిన గుంజ తీసి కుడిచేతి మీద బాదాడు. చిటికెనవేలు పుల్లలా విరిగి పక్కకు వాలింది. ఆమె దానికేసి ఒకసారి చూసి, కొయ్యసుత్తి ఎడమచేతిలోకి మార్చుకుంది.

"ఏవండీ, కాస్త ఓర్చుకోండి," అంటూ మోకాలిచిప్ప మీద ఒకటి వేసింది. "ఏమీ అనుకోకండి," అంటూ భుజం మీద రెండోది. ఎముక పటుక్కుమంది. మూడోదానికి మాటల్లేవు, తిన్నగా మూతి మీదే. అతను నెత్తురు కక్కుతూ వాగులో పడ్డాడు. వెంట వచ్చిన నలుగురు వస్తాదులనూ "మీరూ రండి" అని పేరుపేరునా పిలిచి పడుకోబెట్టింది. డ్రైవరు బండి వదిలేసి హైవే దాకా పరుగు.

మూడోనాడు వాగు పొంగింది. తడిక కొండలా నిలిచిందనీ, కొర్రమీలు ఆమెకు దండం పెట్టి మరీ గుడ్లు పెట్టాయనీ ఊరంతా అంటారు.

వేలికి కట్టుతో కొత్త బద్ద అల్లుతున్న సుబ్బాయమ్మ మాత్రం ఇలా అంది:

"ఊడినవి ఫణికిరణ్ గారి పళ్ళండీ, రెండు. నలుగురెవరూ రాలేదు, దెబ్బలు తిన్నది ఆయనొక్కరే. తడిక సగం కొట్టుకుపోయింది. ఉన్న సగం దగ్గర కాసిని చేపపిల్లలు కనబడ్డాయి."