ఏమీ లేదన్న బీడులో మా సర్వే సారు

మా సర్వే సారు పోయారు. హిందూపురంలో తన ఇంట్లోనే, పొద్దున కాఫీ తాగి, పేపరు ఒళ్లో పెట్టుకుని, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారని వాళ్లింటామె ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ పెట్టేసి నేను ఆకాశం చూశాను. పెనుకొండ దిక్కున మబ్బు లేచిందంటే చాలు, ఆయన ఫోన్ వచ్చేది. బాగున్నావా అని కాదు, తిన్నావా అని కాదు. "అక్కా, వానొచ్చిందా?" అంతే.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. ఆయన్ను తలుచుకోవడంతో పాటు మిమ్మల్ని ఒకటి అడగాల్సి ఉంది. అది చివర అడుగుతాను.

చిలమత్తూరు పక్కన మా ఊరి బీడు మా గొర్రెలు తరతరాలుగా మేసిన నేల. దాన్ని బెంగళూరు వాళ్లు కొని విల్లాల లేఅవుట్ వేయాలనుకున్నారు. అనుమతి కావాలంటే ఆ నేల మీద ఏ చెట్లున్నాయో, ఏ పిట్టలు, ఏ పురుగులు బతుకుతున్నాయో చూసి రిపోర్టు పెట్టాలట. ఆ పని మీద వచ్చినాయన ఈయన. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నేను చూసేసరికి మండే ఎండలో మోకాళ్ల మీద వంగి, నేల వాసన చూస్తున్నట్టున్నారు.

"ఏమప్పా, దుడ్లు పారేసుకున్నావా?" అన్నాను.

"లేదక్కా. ఈడ ఏం జీవాలు ఉండాయో చూస్తాండా. నీకేమన్నా తెలుసా?"

మా వైపు జీవాలంటే గొర్రెలు, మేకలు. కొత్త మనిషికి మంద సంగతి చెబితే దిష్టి. అందుకని ఎవరూ చెప్పరు. "ఏమీ లేవు సామీ," అన్నాను. నా వెనకే మందంతా అరుస్తోంది. ఆయన మందను చూశారు, నన్ను చూశారు. "అవునక్కా, ఒక్కటీ లేదు," అన్నారు, నవ్వు బిగబట్టుకుని.

మధ్యాహ్నం నీడకు పిలిచి, "ఏమీ లేదు సారూ, ఉత్త సంగటి," అంటూ మూట విప్పాను. సంగటి ముద్దతో పాటు ఊరిబిండి పచ్చడి, పప్పు, ఉల్లిగడ్డ, క్యాన్‌లో మజ్జిగ బయటపడ్డాయి. ఈసారి ఆయన నవ్వు ఆపుకోలేదు.

"ఇప్పుడర్థమైందక్కా. మీ ఊర్లో ఏమీ లేదంటే మూట విప్పి చూడాల."

ఆ మాటే బీడు నడుమ వానకు పారే మా వంకను కాపాడింది. లేఅవుట్ వాళ్ల మనిషి అప్పటికే ఊరంతా అడిగి వచ్చాడు. అందరూ అలవాటుగా ఏమీ లేదనే చెప్పారు. అదే రాసి సంతకం పెట్టమని సారు వెంట పడ్డాడు. సారు పెట్టలేదు.

"ఎండకు తలుపేసుకున్న ఇల్లు చూసి, ఇంట్లో ఎవురూ లేరని రాస్తానా అబ్బా? వాన పడనీ."

ఆయనకొక అలవాటుండేది. ఏ రాయి ఎత్తి చూసినా మళ్లీ అదే గుంతలో, అదే వైపు కింద ఉండేలా పెట్టేవారు. ఒకసారి నేను ఓ రాయిని కాలితో దొర్లిస్తే కసురుకున్నారు. "అట్లే పెట్టక్కా, కింద కాపురముండాది." నన్ను కసిరే మగవాడు మా ఊర్లో లేడు. అయినా వంగి సరిగ్గా పెట్టాను.

వాన పడింది. ఇద్దరం వంక దగ్గరికి పోయాం. "మెట్ట తాబేళ్లు నా పెండ్లినాటికే పోయినాయి సారూ. ఊరికే కాళ్లు నొప్పి," అంటూనే ఉన్నాను, గడ్డిదుబ్బు కింద నుంచి ఒకటి తల బయట పెట్టింది. నల్లటి వీపు మీద పసుప్పచ్చ గీతల ముగ్గు.

"పెండ్లికి రాలేకపోయిందంట. ఇప్పుడొచ్చిందక్కా," అన్నారాయన. నేను నవ్వి నవ్వి బురదలో కూలబడ్డాను.

పోట్లాటలూ పడ్డాం. "బీడంతా వదిలేయమని రాయి సారూ," అని పట్టుబట్టాను.

"నేను ఆపేవాణ్ణి కాదక్కా. ఉన్నదాన్ని ఉండాదని చెప్పేవాణ్ణి."

ఆ కోపంతో ఆ రోజు ఆయనకు మజ్జిగ పోయలేదు. ఆయనే పోసుకుని తాగారు, నాకూ పోసిచ్చారు. ఆయన రిపోర్టు చూసి, వంక పొడుగునా ఒక పట్టీని ముట్టుకోకూడదని ఆఫీసర్లు అనుమతిలో రాశారు. లేఅవుట్ వాళ్లు ఆ పట్టీకి హద్దుగా సున్నం గీత గీశారు, చెరిగితే మళ్లీ గీస్తారు.

సారు పోయాక కొత్త మేనేజరు వచ్చాడు. పట్టీ ఖాళీగా పడి ఉంది, చదును చేసి పచ్చిక వేస్తాం, మార్పు కోసం అర్జీ పెడతాం అంటున్నాడు. ఊర్లో అడుగుతూ నా దగ్గరా ఆగాడు.

"అవ్వా, ఈ వంక కాడ ఏముంది?"

ఏమీ లేదన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. పుట్టినప్పటి నుంచీ అంటున్న మాట. మింగేశాను.

"ఉండాది," అన్నాను.

"ఏముంది?"

"వానొచ్చినప్పుడు రా, చూపిస్తా. మంచి బూట్లు ఏసుకోని రావద్దు."

నేను మిమ్మల్ని అడిగేది ఇదే. మీ ఊరికీ ఇట్లా అడిగేవాళ్లు వస్తారు. సంగటి మూట విప్పుతూ ఏమీ లేదనండి, మందను వెనక పెట్టుకుని ఏమీ లేదనండి. నేల గురించి మాత్రం అనకండి. వాళ్లు అదే రాసుకుపోతారు.

ఆ వారమే వాన కొట్టింది. మేనేజరు వచ్చాడు, బూట్లతోనే. చాలాసేపు నిలబడి, విసుగొచ్చి కారెక్కాడు. కారు కదలబోతుంటే నేను చెయ్యి అడ్డం పెట్టాను. ముగ్గు వీపుది ఒకటి టైరు ముందు నుంచే పోతోంది. అతను ఇంజను ఆపేశాడు. అది మమ్మల్నెవరినీ పట్టించుకోకుండా తడిసిన సున్నం గీతను తొక్కి, దాటి, వంకలోకి దిగిపోయింది. ఎర్రమట్టి మీద గీత నుంచి గడ్డి దాకా దాని చిన్న చిన్న అడుగులు తెల్లగా మిగిలాయి.