మాటల్లేని సీరియల్, బేస్‌మెంట్ తలుపు

నమ్మకపోయినా ఫర్వాలేదు... జరిగింది జరిగినట్టే చెబుతాను. ఇదంతా కల్పనైతే శ్రీకాంత్ కుడి చేతి ఎముకకు స్టీల్ ప్లేట్ ఎందుకుంటుంది?

శ్రీకాంత్ నా ఆఫీసు స్నేహితుడు. వరంగల్ వాడు. అమెరికాలోని అరోరాలో ఇల్లు కొన్నాక బేస్‌మెంట్‌లో పాత వీసీఆర్ పెట్టుకున్నాడు. మా చిన్నప్పటి టీవీ సీరియళ్లంటే వాడికి పిచ్చి. ఇప్పుడెక్కడా దొరకనివి... ఎవరో ఇంట్లో రికార్డు చేసి దాచుకున్న క్యాసెట్లు తెప్పించుకునేవాడు.

ఆ శనివారం ఒకటే మంచు. సాయంత్రానికే చీకటి. వాడి భార్యాపిల్లలు డాలస్ వెళ్లారు. మేమిద్దరమే. కొత్తగా వచ్చిన క్యాసెట్ పెట్టాడు. ఒకావిడ వంటింట్లో బియ్యం ఏరుతోంది. అంతే. మాట లేదు, సంగీతం లేదు... ఆమె మనసులో ఏదో తెగిపోతోందని మాత్రం తెలుస్తోంది. మొదట విసుగేసింది. తర్వాత కళ్లు తిప్పుకోలేకపోయాను.

"ఇప్పటి సీరియల్లల్ల అందరు ఒర్లుడే, అరుసుడే," అన్నాడు శ్రీకాంత్. "దీన్ల మనిషి లోపల ఏమైతుందో ఇనబడ్తది. జర చప్పుడు చెయ్యకు."

చేయలేదు. ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను.

ధన్...

సీరియల్లోదే అనుకున్నాను. ఆవిడ బియ్యం ఏరుతూనే ఉంది.

ధన్... ధన్...

వాడు టీవీ ఆపేశాడు. చప్పుడు ఆగలేదు. మా వెనక... ఇల్లు వెచ్చబరిచే ఫర్నేస్ ఉన్న గది తలుపు. కిటికీ కూడా లేని గది. నేను వచ్చాక అందులోంచే మడత కుర్చీ తెచ్చుకున్నాను. అప్పుడు ఎవరూ లేరు.

శ్రీకాంత్ వెళ్లి తలుపును రెండు చేతులతో అదిమిపట్టాడు. పోలీసులకు ఫోన్ చేయమన్నాడు. నంబర్ నొక్కుతున్నాను... చెక్క చీలింది. చీలికలోంచి ఏదో వచ్చింది. నల్లగా, లావుగా... రాడ్డో, చెయ్యో. వాడి ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. మళ్లీ పడింది... అదే చోట. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. నెత్తురు నా ముఖం మీద చిమ్మింది. వాణ్ని కాలర్ పట్టుకుని మెట్ల మీదికి ఈడ్చాను. వెనక తలుపు ముక్కలవుతూనే ఉంది...

పోలీసులు తుపాకులు పట్టుకుని కిందికి దిగారు. గదిలో ఫర్నేస్ తప్ప ఏమీ లేదు. చెక్కముక్కలన్నీ ఇవతలికే పడ్డాయి. ఎవడో లోపల దాక్కుని, మేం పైకెళ్లాక పారిపోయి ఉంటాడన్నారు. మరి ఇంటి చుట్టూ మంచులో అడుగుజాడలు ఏవీ అని అడిగాను. 

ఆపరేషన్ అయ్యాక వాడి పక్కన కూర్చున్నాను. 

"పాపం... కొట్టినంత సేపు ఏడుస్తనే ఉండె," అన్నాడు.

ఎవరని అడిగాను.

వాడు నా వైపు తిరిగాడు. "నీకు ఇనబడలేదా?"

ఆ తలుపు వెనక ఉన్నది మనిషో, మరేదో... ఇప్పటికీ తెలియదు. నాకు వినిపించినవి దెబ్బలే.