అచ్చుకు పెట్టిన బొట్టు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది, ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో అడవి అంచున ఉన్న మా సాయుధ దళం శిబిరానికి నన్ను ఆర్మరర్‌గా వేశారు. ఆర్మరర్ అంటే తుపాకీ కాల్చేవాడనుకుంటారు చాలామంది. నిజానికి కాల్చేవాళ్లు పాడుచేసి తెచ్చిన వాటిని బాగుచేసేవాడు. హోదాకు ఏఎస్ఐ, పనికి మెకానిక్. మా పైఅధికారి రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ వెంకటనర్సయ్య గారు, మా మాటల్లో ఆర్ఐ సారు. ఆ వేసవిలోనే బదిలీ మీద వచ్చారు. చెడ్డవారు కారు. కానీ భూమ్మీద ప్రతి విషయం గురించీ ఆయనకొక అభిప్రాయం ఉండేది, దాన్ని మైదానం అవతలి కొసకు వినిపించేలా చెప్పేవారు.

ప్రాక్టీసుకు ఫ్యాక్టరీ నుంచి వచ్చే కంపెనీ తూటాలు చాలేవి కావు. అందుకని పై నుంచి అనుమతి తెచ్చుకుని, కాల్చిన ఖాళీ తూటాలను మళ్లీ నింపుకునేవాళ్లం. సీసం కరిగించి ఇనుప అచ్చులో గుండ్లు పోయడం హెడ్ కానిస్టేబుల్ యాకయ్య పని. కొలిచి, నింపి, సరిచూడటం నా పని. ఆ దసరాకు నేను కంటి ఆపరేషన్ చేయించుకుని మధిరలో మా అక్క ఇంట్లో సెలవు మీద ఉన్నాను. ఆ నెలరోజులూ రెండు పనులూ యాకయ్యే చేశాడు.

తిరిగొచ్చేసరికి మైదానంలో గొడవ. కానిస్టేబుల్ సుగుణది వేంసూరు దగ్గర రైతు కుటుంబం. రివాల్వర్ పోటీకి జిల్లా జట్టులో చోటు కోసం ఏడాదంతా చెమటోడ్చింది. శనివారం ఎంపిక. తీరా ఇప్పుడు ఆమె గురికాగితం మీద రంధ్రాలు గుండ్రంగా లేవు, తాళంచెవి పట్టేటట్టు పొడుగ్గా ఉన్నాయి. గుండు ముక్కుతో గుచ్చుకోకుండా పక్కకు తిరిగి, పడుకుని తగిలిందన్నమాట.

"మణికట్టు వణుకుతుందమ్మా నీకు. ఇంకొక్కటి గిట్ల పడ్డదంటే నీ జాగల నా డ్రైవర్‌ను పెడత" అన్నారు ఆర్ఐ సారు.

సుగుణ కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ నోరు మాత్రం తగ్గలేదు. "నా చెయ్యి వణికితే గుండు పక్కకు పోవాలె గానీ, అడ్డంగ పండుకోని పోతదా సార్?"

అక్షరాలా నిజం. బ్యారెల్ లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి. గుండు వాటిని గట్టిగా పట్టుకుని పోతేనే బొంగరంలా తిరుగుతూ నిటారుగా సాగుతుంది. పట్టు దొరక్కపోతే గాలిలో పల్టీలు కొడుతుంది. ఇందులో మణికట్టు ప్రమేయం ఏమీ లేదు. ఈ మాట చెప్పబోతే ఆర్ఐ సారు చెయ్యి అడ్డం పెట్టి, లోపం దిక్కులో ఉందేమో చూద్దామన్నారు. గురికాగితాలు దక్షిణాన ఉన్నాయట, తూర్పుకు మార్చాలట. తూర్పున మెస్సు ఉంది. వంటమనిషి గరిటె పట్టుకుని బయటికొచ్చి "నన్ను సంపుతరా ఏంది?" అని అరిచాక ఆ ఆలోచన విరమించుకున్నారు.

ఆ తర్వాత యాకయ్య వంతు. "దిష్టి సార్, అవ్, పక్కా దిష్టే" అని రివాల్వర్ చుట్టూ నిమ్మకాయ తిప్పి జీపు టైరు కింద పెట్టి తొక్కించాడు. సుగుణ మళ్లీ కాల్చింది. ఈసారి రంధ్రం ఇంకాస్త పొడుగైంది. నాకు ఒళ్లు మండిపోయింది.

అందరినీ పక్కకు జరగమని నా పద్ధతిలో మొదలుపెట్టాను. అదే రివాల్వర్, అదే సుగుణ, కంపెనీ తూటాలు. అన్నీ గుండ్రని రంధ్రాలే. చేతికీ తుపాకీకీ అక్కడే విముక్తి దొరికింది. మా తూటాలను వేరే రివాల్వర్‌లో పెట్టి యాకయ్య చేత కాల్పిస్తే, అవి అక్కడా పడుకునే పోయాయి. కాబట్టి దోషం గుండుది. ఇంకా నింపని గుండు ఒకటి తీసుకుని, ఖాళీ బ్యారెల్ మూతి దగ్గర పెట్టి చెక్కపుల్లతో తోశాను. సరైన గుండు మొరాయిస్తుంది, బలవంతం మీద గానీ కదలదు. ఇది పెద్ద చెప్పుల్లో చిన్న కాలులా జారిపోయింది. మైక్రోమీటర్‌తో కొలిస్తే సన్నగా ఉంది. పైగా పక్కన ఒక గుంట. ఇంకొకటి చూశాను, అదే చోట గుంట. డబ్బా అంతా అంతే.

అచ్చు తెరిచి భూతద్దం పెట్టాను. లోపల రెండు పక్కలా గోధుమరంగు పొర మాడి గట్టిపడింది. మధ్యలో బుడిపె, దాని అంచుకు కొంచెం ఎరుపు. యాకయ్యను పిలిచి ఇదేమిటని అడిగాను.

"బొట్టు సార్" అన్నాడు, అందులో అడగాల్సిందేముంది అన్నట్టు.

విషయమేమిటంటే, దసరా నాడు ఆయుధపూజ ఆర్ఐ సారు స్వయంగా చేశారు. తుపాకులకు, లాఠీలకు, జీపుకు, కంప్యూటర్ మౌసుకు, చివరికి నా కళ్లజోడు పెట్టెకు కూడా బొట్టు పెట్టారు. అచ్చు దగ్గరికొచ్చి "గుండు పుట్టేది ఈడనే గదా, ఈడ పెట్టకపోతే ఎట్ల?" అని లోపల నెయ్యి కలిపిన పసుపు దండిగా పూసి, పైన కుంకుమ పెట్టారు. దాని మీదే యాకయ్య నెలరోజులు సీసం పోశాడు.

"తుడవొద్దా యాకయ్యా?"

"పెట్టిన బొట్టు ఎవరన్న తుడుస్తరా సార్? అపశకునం కాదా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గుండొకటి తీసుకెళ్లి ఆర్ఐ సారు అరచేతిలో పెట్టి, "ఈ గుంట మీ ఉంగరపు వేలిది సార్" అన్నాను. ఆయన భూతద్దంలోంచి చాలాసేపు చూశారు. వేలు ఆనించి కూడా చూసుకున్నారు. చివరికి "కుంకుమ క్వాలిటీ మంచిది గాదు" అన్నారు.

ఇప్పుడు దాన్ని తీసేదెవరు? యాకయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. సారు పంతులును పిలిపిద్దామా అన్నారు. నిజం చెప్పొద్దూ, ఆ రెండు ముఖాలు చూశాక నా చెయ్యి కూడా ఒక్క క్షణం ఆగింది. సుగుణ ఆగలేదు. అచ్చు నా చేతిలోంచి లాక్కుని, కిరోసిన్‌లో ముంచిన బ్రష్షు పట్టి బరబరా తోమింది.

"పాపమొస్తే నాకే రానీ. జల్దీ పోయి సీసం కాగబెట్టు యాకయ్యన్నా, శనివారం ఎదురుంగనే ఉంది."

కొత్త గుండ్లు పోశాం. ఈసారి ప్రతిదీ నేనే కొలిచాను. శనివారం ఆ తూటాలతోనే ఎంపిక జరిగింది. సుగుణ కాల్చిన కాగితం తెచ్చి ఆర్ఐ సారు ముందు పరిచింది. నల్లచుక్క నడుమ రంధ్రాలన్నీ గుండ్రంగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్నాయి. ఆయన వంగి చూసి, డ్రైవర్ వైపు చూసి, మళ్లీ కాగితం చూసి, "బొట్టంటే గిట్లుండాలె" అన్నారు. సుగుణ జట్టులోకి వెళ్లింది. డ్రైవర్ జీపులోకి వెళ్లాడు.

ఆ తర్వాతి దసరాల్లో అచ్చు తెరవనివ్వకుండా తీగతో కట్టి, చెక్క పిడి మాత్రమే ఆయన ముందు పెట్టేవాణ్ని. దాని మీద ఆయన ఎంత పెద్ద బొట్టు పెట్టుకున్నా నాకు అభ్యంతరం ఉండేది కాదు. ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇది: గుండు అడ్డంగా పోయినప్పుడు కాల్చిన చేతిని తప్పుపట్టే ముందు, ఆ గుండు మీద ఇంకెవరెవరు చెయ్యి వేశారో అడగాలి. ఆ అడగడం పైఅధికారితో మొదలుపెడితే పని తొందరగా తెములుతుంది.