నేను ఇవ్వని వంతు

ఆటోనగర్‌లో నాకు స్పేర్ పార్ట్స్ వ్యాపారం నేర్పింది ఖాదర్ గారు. ఆయనకు ముఖ్య శిష్యుణ్ణి నేనేనని నా నమ్మకం. పక్క షాపు ప్రసాద్‌కి తన గురించి అదే నమ్మకం. అందుకే అతనంటే నాకు పెద్దగా ప్రేమ ఉండేది కాదు.

నిరుడు ఖాదర్ గారు పోయారు. జనాజా లేవగానే ముందు వైపు నేను భుజం పెట్టాను. కాస్త దూరం వెళ్లాక ప్రసాద్ పక్కకొచ్చి, "ఇటివ్వండి" అన్నాడు.

"నాకేం బరువుగా లేదండి" అన్నాను ఏడుస్తూనే. వీధి చివరిదాకా వదల్లేదు.

చివరికి ఒక పెద్దాయన నా చెవి దగ్గరకొచ్చి, "బాబుగారూ, మాలో నాలుగడుగులు మోసి పక్కవాళ్లకిచ్చేస్తామండి. అందరికీ ఆ పుణ్యం దక్కాలి కదా" అన్నారు. వెనక్కి చూస్తే సగం ఆటోనగర్ తన వంతు కోసం నడుస్తోంది, నన్నే చూస్తూ.

వదిలేశాను. ప్రసాద్ నాలుగడుగులు మోసి, పక్కవాళ్లకి ఇచ్చేశాడు. అతనికి ఆ పద్ధతి ముందే తెలుసన్నది నన్ను ఇంకా బాధించింది.

ఖననం అయ్యాక ఖాదర్ గారి అబ్బాయి మాతో, "మీ ఇద్దర్నీ ఒకేసారి టీకి పిలవొద్దనేవారండి నాన్న. ఒకరి ముందు ఒకర్ని పొగడటం కష్టమట" అన్నాడు.

ఇప్పుడు మేమిద్దరం కలిసే టీ తాగుతున్నాం. ఆయన తనను ఏమని పొగిడేవారో ప్రసాద్ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడగాలని మాత్రం రోజూ ఉంటుంది.