మార్చిలో రాసిన స్వభావం

నేను ముభావిననీ, నలుగురితో కలవననీ, నాయకత్వం బొత్తిగా లేదనీ జగ్గయ్యపేట దగ్గర నేను చదివిన స్కూల్లో అయిదేళ్ళ పాటు కాగితం మీద రాశారు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. మా పేటలో నా గొంతు వినపడని వీధి లేదు. మిరపకోతకు వెళితే సాళ్ళలో ఉన్న ఆడవాళ్ళందరినీ నవ్వించేది నేనే.

డెబ్బైల్లో మా స్కూలుకు వచ్చిన అచ్చు ఫారం అది. కలుపుగోలుతనం, ధైర్యం, ఓర్పు, నాయకత్వం అంటూ గళ్ళు. ఒక్కో లక్షణానికి ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు. వార్షిక పరీక్షలకు ముందు, మార్చిలో, క్లాసు మేస్టారు మమ్మల్ని వారం రోజులు గమనించి ఏదో ఒక అంకె చుట్టూ గీత గీసి, కింద మా స్వభావం ఒక్క మాటలో రాసేవారు.

మాకు మార్చి అంటే శ్రమదినాలు. ఈస్టరుకు ముందు నలభై రోజులు ఇంట్లో ఒక్కొక్కరూ తమకు ఇష్టమైనది ఒకటి మానుకోవాలి. నాన్న చుట్ట మానేసేవాడు. మాంసం ఎటూ పండగలకే కాబట్టి నాకు మానడానికి ఏమీ లేదు.

"నీకు మాటలే గదే ఇష్టం. అయ్యే మానెయ్" అంది అమ్మ.

ఏటా ఆ నలభై రోజులూ అవసరానికి తప్ప పెదవి విప్పేదాన్ని కాదు. ఎంత కష్టపడి నోరు కట్టుకున్నానో దేవుడికి తెలుసు. మేస్టారికి మాత్రం అది నా పుట్టుబుద్ధిలా కనపడింది. మరుసటేడు వచ్చినాయన ఆ వారం రోజులు కూడా చూడలేదు, పాత ఫారం ముందు పెట్టుకుని ఎక్కించేశాడు. ఎందుకిలా ఉన్నావని ఒక్కరు అడిగితే వాళ్ళ సొమ్మేం పోయేది?

టీచరు కావడం తప్ప నాకు మరో కోరిక లేదు. ట్రైనింగు సీటు కోసం ఇంటర్వ్యూకి వెళితే, అక్కడి పెద్దమనిషి నా రికార్డు తిరగేసి కళ్ళజోడు తీశాడు.

"అయిదేళ్ళూ నోరు మెదపలేదని రాశారు. పిల్లలకు పాఠమేం చెబుతావమ్మా?"

అయిదేళ్ళ ఉక్రోషం ఒక్కసారిగా తన్నుకొచ్చింది. గుక్క తిప్పుకోకుండా శ్రమదినాల సంగతంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, ముభావి అన్న మాట కొట్టెయ్యకుండానే పక్కన 'ఆవేశపరురాలు' అని రాసుకున్నాడు. ఆ ఏడు సీటు పోయింది. మళ్ళీ మిరపకోతకే వెళ్ళాను.

మరుసటేడు సీటు వచ్చింది. అక్కడే లక్షణ సిద్ధాంతాలు పాఠంగా చెప్పారు. మనిషిలో కొన్ని లక్షణాలు స్థిరంగా ఉంటాయనీ, చోటు మారినా పెద్దగా మారవనీ లెక్చరర్ చెబుతుంటే పళ్ళు నూరుకుంటూ విన్నాను. పుస్తకం తెరిస్తే ఇంకో మాట కూడా ఉంది. ఒక లక్షణం ఉందని చెప్పాలంటే మనిషిని వేర్వేరు సందర్భాల్లో, పలుమార్లు చూడాలట. ఈ పాఠం మా మేస్టార్లూ చదివే ఉద్యోగాల్లో చేరి ఉంటారు. అది గుర్తొచ్చి ఆ రోజు అన్నం సయించలేదు.

ఎనభైల్లో నందిగామ దగ్గర ఒక స్కూల్లో చేరాను. మొదటి మార్చిలోనే ఆ ఫారాలు నా బల్ల మీదికి వచ్చాయి. పరీక్షల హడావుడిలో నలభై ఫారాలనూ ఒక్క మధ్యాహ్నంలో పాతవి చూసి ఎక్కించేశాను. అవును, నేనే. చివరి బెంచీలో కూర్చునే పిల్ల ఫారంలో ముభావి అని ఉంది. నేనూ ముభావి అనే రాశాను. సంతకం పెట్టబోతుంటే చెయ్యి ఆగింది. పిల్లను పిలిపించి, క్లాసులో ఎందుకు మాట్లాడవని కటువుగానే అడిగాను.

"నన్నెవరూ ఏదీ అడగలేదండి" అంది, తల వంచుకుని.

బడి తెరిచిన జూన్ నుంచి అప్పటిదాకా ఆ క్లాసు టీచర్ని నేనే.