చూసినంతే చెప్పిన మా అక్క

మా అక్క పోయిందన్న మాట నాకు బస్సు డ్రైవరు చెప్పాడు. అమ్మకు ఒంట్లో బాగాలేదంటే చూడడానికి నేను కర్నూలు వచ్చి ఉన్నాను. కోయిలకుంట్ల బస్సు నడిపే ఆయన మా వీధి మొగదల బస్సు ఆపి, ఎక్కినవాళ్లు గొణుగుతున్నా పట్టించుకోకుండా మా గడప దాకా నడిచొచ్చాడు. “మీ పెద్దామె జ్వరంతో పోయిందంటమ్మా. ఈ బస్సుకే బయల్దేరితే చూపు దక్కుతాది” అన్నాడు.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. నా తోడికోడలు, మా బావగారి భార్య. బస్సులో కూర్చున్నాక నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వచ్చింది. చదివేవాళ్లు ఏమనుకున్నా సరే, ఉన్నమాట రాస్తున్నాను. మా ఇంట్లో కొడవలి గడప దాటకుండా ఇన్నాళ్లూ ఆపింది ఆమె ఒక్కతే. ఇక మా ఆయన్ను ఎవరు ఆపుతారు? దారి పొడుగునా కిటికీ ఊచ పట్టుకుని ఇదే ఆలోచించాను.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు నవ్వొచ్చేది, తర్వాత్తర్వాత విసుగొచ్చేది. ఏదడిగినా చూసొచ్చి చెప్పేది. “అక్కా, వాన నిలిచిందా?” అంటే, చూరు నీళ్ల చప్పుడు ఆగిన సంగతి చెవులకు తెలుస్తున్నా లేచి వాకిట్లోకి పోయి, అరచెయ్యి చాపి చూసి, “నిలిచిందమ్మే” అనేది. పులుసులో ఉప్పు వేశావా అంటే, వేసిన మనిషే మళ్లీ నాలుకకు రాసుకుని చూసేది. పక్కింటామె వచ్చి ఎవరి కోడలో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడిందంట అని మొదలుపెడితే, “నువ్వు చూసినావా?” అని అడిగేది.

“నేను చూడలా, మా చెల్లెలు చూసిందంట.”

“అయితే మీ చెల్లెల్ని రమ్మను.”

పాపం, ఆ వచ్చినామెకు చెప్పే సరదా అంతా చప్పబడిపోయేది. అట్లా మా ఇంటికి కబుర్లు మోసేవాళ్లు రావడం మానుకున్నారు. నాకేమో కబుర్లంటే ప్రాణం. ఆ ఒక్క విషయంలో ఆమె మీద నాకు ఇప్పటికీ కోపమే.

మా ఊళ్లో రెండు పార్టీలు. మా ఇల్లు ఒకటి, పైవీధి వాళ్లది ఒకటి. పగ ఎట్లా మొదలైందని అడిగితే మా ఇంట్లో ఒక కథ చెప్తారు, వాళ్లింట్లో ఇంకో కథ చెప్తారు. రెండింట్లోనూ చెప్పేవాళ్ల తప్పు ఉండదు. మా అక్క మాత్రం, “నేను పెళ్లై వచ్చేటప్పటికే ఉండె. మొదలు నేను చూడలా” అనేది.

ఆఖరు మాత్రం చూసింది. ఒకరోజు ఆమే, మా బావగారూ కోయిలకుంట్ల నుంచి బండిలో వస్తున్నారు. పట్టపగలు, ఎండ మాడుస్తోంది. వాగు దగ్గర బండి నెమ్మదించగానే తుమ్మచెట్ల చాటు నుంచి ఇద్దరు వచ్చారు. పైవీధి పెద్దాయన, ఆయన బావమరిది. ఇద్దరినీ ఆమె ఇంత దగ్గరగా చూసింది. చేన్లలో ఉన్నవాళ్లు కేకలు విని వచ్చేసరికి ఆమె బండి పక్కన నేల మీద కూర్చుని, ఆయన తల ఒళ్లో పెట్టుకుని, ఆయన తలగుడ్డతోనే గాయాన్ని అదిమి పట్టుకుని ఉంది. ఆయనలో అప్పటికే ప్రాణం లేదు.

మా దిక్కున ఒక అలవాటుంది. హత్య జరిగితే, చేసినవాళ్ల పేర్లతో పాటు ఎదుటి ఇంట్లో ఎవడు లేకపోతే ఆ ఇల్లు కూలుతుందో వాడి పేరు కూడా ఫిర్యాదులో కలుపుతారు. దాన్ని అబద్ధం అనుకోరు, తెలివి అనుకుంటారు. ఆరోజు మునసబు వచ్చి ఆ బండి పక్కనే కాగితం తీసుకుని కూర్చుంటే మా మగవాళ్లు చుట్టూ మూగి పేర్లు చెప్పారు. చంపినవాళ్లు ఇద్దరూ, మూడో పేరు పైవీధి పెద్దాయన తమ్ముడిది. ఆ అబ్బాయి కోయిలకుంట్లలో వేరుశనక్కాయలు ఒలిచే మిల్లు నడుపుతాడు. పార్టీల జోలికి రాడు, ఊరికే సరిగా రాడు. కానీ ఆ ఇంటికి కూడూ, కోర్టు ఖర్చులూ అన్నీ ఆ మిల్లు నుంచే. మునసబు రాయడం అయిపోయాక మా అక్క బొటనవేలు పట్టుకుని కాగితం మీద ఒత్తారు. అదీ ఆమె ఫిర్యాదు.

మిల్లు అబ్బాయిని కూడా పట్టుకుపోయారన్న సంగతి బావగారి కర్మ అయ్యాక గానీ ఆమె చెవిన పడలేదు. వంటింట్లో జొన్నరొట్టెలు చేస్తోంది. చేతిలో పిండి అట్లాగే ఉంచుకుని వసారాలోకి వచ్చింది.

“వాణ్ని ఎందుకప్పా పట్టుకపోయినారు?” అని మా ఆయన్ను అడిగింది.

“నువ్వే కదా వదినా చెప్పినావు. వేలిముద్ర ఏసినావు.”

“వాడు ఆడ లేడు.”

“లేకుంటే ఏమి? మా అన్న ఉండాడా ఇప్పుడు? నువ్వు గమ్మునుండు వదినా, ప్లీడరు చెప్పినట్ల చెప్పు, సాలు.”

ఆమె చేతిలో పిండి ఎండిపోయే దాకా అక్కడే నిలబడింది.

ఆ తర్వాత మా ఇంట్లో ప్రశాంతంగా అన్నం తిన్న రోజు లేదు. ప్లీడరు మా ఆయనకు విడమరిచి చెప్పాడు. కళ్లారా చూసిన సాక్షి ఆమె ఒక్కతే. ఒక్క పేరు లేదంటే మొత్తం ఫిర్యాదే కట్టుకథ అని ఎదుటి ప్లీడరు పట్టుకుంటాడు, అసలువాళ్లు కూడా దర్జాగా బయటికొస్తారు. ముగ్గురూ చేశారని చెప్తే ముగ్గురికీ ఉరి పడినా పడొచ్చు. అంటే ఆమె ముందు ఉన్న దారులు రెండే. చెయ్యనివాణ్ని ఉరికంబం దాకా పంపడం, లేదా తన మొగుణ్ని చంపినవాళ్లను తన నోటితోనే విడిపించడం. ఇందులో ఏది మంచిదో నాకు తెలియలేదు. ఇప్పుడు అడిగినా వెంటనే చెప్పలేను.

అప్పుడే క్రిమినల్ చట్టానికి సవరణ వచ్చింది. కేసులు త్వరగా తేలాలని, కింది కోర్టులో సాక్షులందరినీ విచారించే పద్ధతి తగ్గించారు. మా ప్లీడరు పొంగిపోయాడు. రెండు కోర్టుల్లో రెండుసార్లు చెప్తే మాటకు మాట తేడా పడుతుందట, ఇప్పుడు సెషన్సు కోర్టులో ఒక్కసారి చెప్తే చాలట. చట్టం చేసినవాళ్లు ఏమనుకుని చేశారో గానీ, నేర్పించిన సాక్ష్యానికి అది భలే సదుపాయమని మావాళ్లకు తోచింది.

విచారణకు కర్నూలు పోయాం. కొత్త రాష్ట్రానికి రాజధాని అక్కడికే వచ్చి ఊరంతా డేరాలు, జీపులు, అద్దె గదికి కరువు. మా అమ్మ ఉండే ఒంటి గదిలో ఇంతమందిమి పట్టం, సత్రంలో ఒక మూల గది దొరికింది. ప్లీడరు గుమాస్తా వచ్చి ఆమెకు సాక్ష్యం వల్లె వేయించాడు.

“మూడో ముద్దాయి చేతిలో ఏముండెనమ్మా?”

“వాడు ఆడ లేడు.”

“అది కాదమ్మా. కాయిదంలో కొడవలి అని ఉండాది. కొడవలి అను.”

“కాయిదాన్నే అడుగు అయితే.”

గుమాస్తా తల పట్టుకున్నాడు. మా ఆయన లేచి గోడకేసి చెయ్యి బాదుకున్నాడు. “వదినా, నీ మొగుని తల నీ ఒళ్లోనే కదా ఉండింది! ఎట్ల నోరొస్తాది నీకు వాళ్లను కాయడానికి?” అన్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి. అక్క ఆయన వైపు చూసి, “రేపు నన్ను ఏమి అడుగుతారో చూస్తాం లేప్పా” అంది, అంతే.

కోర్టు హాల్లో మనుషులు నిండిపోయి ఉన్నారు. ఒక గోడవార మావాళ్లు, ఇంకో గోడవార పైవీధి వాళ్లు, నడుమ పోలీసులు. నేను తలుపు దగ్గర నిలుచున్నాను. ఆమె బోనెక్కి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, బండి దగ్గర జరిగింది చెప్పింది. ఇద్దరి పేర్లూ చెప్పి వేలు పెట్టి చూపింది. తర్వాత సర్కారు ప్లీడరు మూడోవాణ్ని చూపించాడు.

“ఇతను ఏం చేశాడు?”

“ఏమీ చెయ్యలా. ఈ పిల్లోడు ఆడ లేడు.”

మా గోడవార ఎవరో బూతుమాట అన్నారు. పోలీసు గద్దించాడు. జడ్జిగారు ముందుకు వంగి, “మరి ఫిర్యాదులో ఇతని పేరు ఎందుకు చెప్పావమ్మా?” అని అడిగారు.

“చెప్పింది నేను కాదు సామీ. వేలిముద్ర మాత్రం నాదే.”

“ఎవరు చెప్పారు?”

మా ఆయన నా పక్కనే ఉన్నాడు. ఆయన ఊపిరి నాకు వినపడుతోంది. ఆమె ఒక్క పేరు చెప్తే దొంగ ఫిర్యాదు కింద ఆయన మీదికి వస్తుందని మా ఇద్దరికీ తెలుసు. ఆమె మావైపు చూడలేదు.

“నేను ఆయన తల ఒళ్లో పెట్టుకోని కూర్చోనుంటి సామీ. తల ఎత్తలా. ఎవరు చెప్పిరో చూడలా.”

అది కూడా నిజమే.

మిల్లు అబ్బాయిని వదిలేశారు. తక్కిన ఇద్దరికీ యావజ్జీవం పడింది. ఆరోజు నేను ఆమెను కావలించుకుని ఏడ్చాను, గండం గడిచిందనుకున్నాను. కానీ అప్పీలులో పైకోర్టు ఆ ఇద్దరినీ కూడా వదిలేసింది. అబద్ధం కలిసిన ఫిర్యాదులో నిజమెంతో తేల్చలేమనీ, అనుమానం ముద్దాయికే లాభమనీ చెప్పారట. పైవీధిలో టపాకాయలు కాల్చారు. మా ఆయన వసారాలో నిలబడి, “సంతోషమేనా? నీ నిజం వాళ్లను ఇంటికి తెచ్చింది” అని అరిచాడు.

మా అక్క ఎప్పుడూ గొంతు పెంచేది కాదు. ఆరోజు పెంచింది. “నా నిజం కాదప్పా వాళ్లను తెచ్చింది. మీరు కలిపిన పేరు తెచ్చింది. రెండు పేర్లే రాసుంటే వాళ్లు ఈపొద్దు జైల్లో ఉందురు.”

ఆనాటి నుంచి మా ఆయన ఆమెతో మాట్లాడడం మానేశాడు. ఆమె వడ్డించేది, ఆయన తినేవాడు. ఏమన్నా కావాలంటే నాతో అనేవాడు, ఎదురుగా కూర్చున్న మనిషికి నేను చేరవేసేదాన్ని. ఈ దుబాసీ పని నాకు ఎంత ఒళ్లు మంటగా ఉండేదో చెప్పలేను.

అన్నీ ముగిశాక ఆయన కోర్టుకు పోయి, అక్కడ పెట్టుకున్న బావగారి తలగుడ్డను అడిగి తెచ్చుకున్నాడు. రక్తం నల్లగా గడ్డకట్టి, అట్టలాగా ఉంది. దాన్ని నట్టింటి దూలానికి కట్టాడు. దాని అర్థం మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. కట్టిన గుడ్డ దిగాలంటే ఎదుటి ఇంట్లో శవం లేవాలి. ఇంట్లో కొడవళ్లకు సాన పట్టడం మొదలైంది. ఆ చప్పుడు వింటూ నేను పిల్లలకు జోల పాడాను.

ఒకరోజు పొద్దున్నే, అందరూ చూస్తుండగానే అక్క రోలు బోర్లించి ఎక్కి ఆ గుడ్డ విప్పింది. చవుడు మట్టి వేసి నానబెట్టి, గచ్చు మీద ఉతికి, కంచె మీద ఆరేసింది. మరక పూర్తిగా పోలేదు, ఇటుక రంగులో నిలిచిపోయింది. సాయంత్రం దాన్ని చుట్టగా చుట్టి, నెత్తిన పెట్టుకుని, దాని మీద బిందె ఎత్తుకుంది. మా ఆయన అడ్డం నిలబడ్డాడు.

“మళ్ల దూలానికి కట్టల్లనుకుంటే, నా నెత్తి మీద నుంచి తీస్కపో” అంది.

ఆయన పక్కకు జరిగాడు. ఆనాటి నుంచి పోయేదాకా ఆమె ప్రతి పూటా ఆ చుట్ట మీదే నీళ్లు మోసింది. మంచినీళ్ల బావికి పైవీధి మీదుగానే పోవాలి. ఆ గుడ్డ ఎవరిదో, దాన్ని ఎందుకు కిందికి దించిందో ఆ వీధిలో అందరికీ తెలుసు. చంపినవాళ్లు ఆమె వస్తుంటే లోపలికి పోయేవాళ్లని అంటారు. నేను చూడలేదు.

ఉరిశిక్ష ఉండాలా తీసెయ్యాలా అనీ, పోలీసులు రాసుకున్న మాటకు ఎంత విలువ ఇవ్వాలనీ ఇప్పుడు పత్రికల్లో పెద్దలు వాదించుకుంటున్నారు. వాదించుకోనీ, మంచిదే. నేను అడిగేది చిన్న సవరణ. ఫిర్యాదు రాసుకునేటప్పుడు చుట్టూ ఉన్న మగవాళ్లను బయటికి పంపి, చూసిన మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. రాసింది మళ్లీ చదివి వినిపించండి. ఆ తర్వాతే వేలు పట్టుకోండి. ఆరోజు మునసబు ఆ పని చేసి ఉంటే మా అక్క అంత బరువు మోసేది కాదు.

నేను బస్సు దిగి ఇల్లు చేరేసరికి పాడె సిద్ధంగా ఉంది. ఆమె ముఖం చూసి అప్పుడు ఏడ్చాను. ఆమెకు పిల్లలు లేరు కాబట్టి మరిదే తలకొరివి పెట్టాలి. మా ఆయన స్నానం చేసి, తడి పంచెతో లోపలికి వచ్చాడు. నా వైపు కాకుండా దూలం వైపు చూశాడు.

“వదిన నీళ్లు మోసే ఆ గుడ్డ యాడుండాది?” అన్నాడు.

బిందె పక్కనే ఉన్నా చెప్పలేక నిలబడ్డాను. ఆయనే చూసి తీసుకున్నాడు. చుట్ట విప్పి, ఒకసారి దులిపి, మరక ఉన్న చోట బొటనవేలితో రుద్దాడు. నేను దూలం కింద అడ్డంగా నిలబడ్డాను.

ఆయన నన్ను దాటి వాకిట్లోకి పోయాడు. ఆ గుడ్డను నాలుగు మడతలు వేసి కుడి భుజం మీద పెట్టుకుని, వంగి, పాడె కొయ్యను దాని మీదికి ఎత్తుకున్నాడు. “పద వదినా” అన్నాడు. పైకోర్టు తీర్పు వచ్చిన రోజు తర్వాత ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది. బావి దారినే, పైవీధి మీదుగా, ఆ ఇటుక రంగు మరక ఆయన భుజం మీద కనపడినంత దూరం చూస్తూ గడపలో నిలబడ్డాను.